చక్రాల కుర్చీతో చిక్కడపల్లి షికారు

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లల గోల మొదలవుతుంది. 'ఎక్కడికైనా వెళదాం అమ్మా!' అంటూ కొంగు పట్టుకుని తిరుగుతారు. ఊటీ, అరకు మాట అలా ఉంచండి, కనీసం ఓ పూట బయటికి తీసుకెళ్ళకపోతే ఊరుకోరు. మరి ఆ పిల్లల్లో ఒకరు చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళయితే? చాలా ఇళ్ళలో జరిగేది మీకు తెలియంది కాదు. 'వాణ్ణెక్కడ మోసుకెళ్తాం? నాయనమ్మ దగ్గర ఉంటాడులే, వచ్చేటప్పుడు ఐస్‌క్రీం తెద్దాం' అనుకుని తక్కినవాళ్ళు బయల్దేరతారు. ప్రేమ లేక కాదు, మొయ్యలేక!

అసలు చిక్కంతా ఈ 'మొయ్యడం' దగ్గరే ఉంది. నాలుగైదేళ్ళ వరకూ తల్లి చంకనెత్తుకుని ఎలాగో తిప్పుతుంది. పదేళ్ళొచ్చేసరికి పిల్లల బరువు పాతిక ముప్ఫై కిలోలు. మడత పెట్టే మామూలు ఇనుప కుర్చీ మరో పదిహేను కిలోలకు పైమాటే. తల్లికేమో అప్పటికే నడుం నొప్పి! అంటే సరిగ్గా లోకం చూడాలని పిల్లలకు ఆశ పుట్టే వయసులోనే షికార్లు ఆగిపోతాయన్నమాట. అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మనం వెతకాల్సింది బలమైన చేతుల్ని కాదు, మెట్లు లేని దారిని.

మా చెల్లెలి పిల్లలు ఇద్దరూ కుర్చీల్లోనే తిరుగుతారు. అమ్మాయికి పన్నెండేళ్ళు, అబ్బాయికి తొమ్మిది. వాళ్ళతో కలిసి మేం ఓ ఆదివారం పూట ఇందిరా పార్కు, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ తిరిగి వచ్చాం. కారు లేదు, పెద్ద ఖర్చూ లేదు. మీ ఇంట్లో అలాంటి పిల్లలు లేకపోయినా మీ వీధిలో తప్పక ఉంటారు. కాబట్టి ఈ సంగతులు అందరికీ పనికొస్తాయి.

ముందు రోజు మీరొక్కరే వెళ్ళి రండి

పెళ్ళి సంబంధానికి వెళ్ళేముందు వాకబు చేస్తాం కదా, ఇదీ అంతే. ఎక్కడెక్కడికి వెళ్ళాలనుకున్నారో అక్కడికి ఒకరోజు ముందు మీరో, మీవారో ఓసారి వెళ్ళి రండి. సంచిలో కుట్టుపని టేపు వేసుకోండి. గుమ్మం దగ్గర మెట్లెన్ని, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, తలుపు వెడల్పెంత అన్నవి కాయితం మీద రాసుకోండి. మామూలు కుర్చీ చక్రాల అంచు నుంచి అంచుకి సుమారు రెండడుగుల పైన ఉంటుంది. తలుపు మూడడుగులుంటే హాయిగా పడుతుంది. రెండున్నర అడుగులైతే చేతివేళ్ళు గీసుకుపోతాయి. అంతకంటే తక్కువైతే ఆ చోటు మానుకోవడం మేలు.

ఫోన్ చేసి అడిగితే సరిపోదా అంటారేమో! అడిగితే అందరూ 'మెట్లేం లేవమ్మా, వచ్చేయండి' అనే అంటారు. రోజూ ఎక్కిదిగేవాళ్ళకి రెండు మెట్లు మెట్లలాగే కనిపించవు మరి!

పొద్దున్నే ఇందిరా పార్కు

మొదటి మజిలీ ఇందిరా పార్కు. దోమలగూడ పక్కన సుమారు 76 ఎకరాల్లో ఉన్న ఈ తోటకి 1975లో శంకుస్థాపన జరిగింది. పొద్దున ఏడింటికల్లా చేరుకుంటే ఎండ ఉండదు. నడకకి వచ్చిన పెద్దవాళ్ళు, చెట్ల మీద పిట్టలు, చెరువు గట్టున చల్లగాలి... పిల్లలకి ఇంకేం కావాలి? నడకదారి మీద కుర్చీ సాఫీగా సాగుతుంది. మట్టిలోకీ, గడ్డిలోకీ దిగితే మాత్రం ముందు చిన్న చక్రాలు కూరుకుపోతాయి. అప్పుడు ముందుకు నెట్టకండి. కుర్చీని వెనక్కి కాస్త వంచి, చిన్న చక్రాలు గాల్లోకి లేపి, పెద్ద చక్రాల మీద లాగండి.

పొద్దున్నే ఎందుకంటున్నానంటే, నడిచే పిల్లలు ఎండ తగిలితే నీడకి పరిగెత్తుతారు. కుర్చీలో పిల్లలు మనం కదిపితేనే కదులుతారు. ఇనుప గొట్టాలు, రెగ్జిన్ సీటు ఎండకి పెనంలా కాలతాయి. కొందరు పిల్లలకి కాళ్ళలో స్పర్శ కూడా ఉండదు, కాలినా తెలియదు. కాబట్టి సీటు మీద మెత్తని దిండు, దాని మీద నూలు గుడ్డ తప్పనిసరి. పావుగంటకో అరగంటకో ఓసారి ఒరిగించి, బరువు ఒకే చోట పడకుండా సర్దాలి. లేకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది. అది మానడానికి నెలలు పడుతుంది.

అశోక్‌నగర్ వీధుల్లో

పార్కు నుంచి అశోక్‌నగర్ మీదుగా చిక్కడపల్లికి నడిచే దూరమే. 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన పైన వాహనాలు పోతూంటే, పిల్లలు తలలెత్తి దాన్నే చూశారు. అశోక్‌నగర్ అంటే మీకు తెలుసుగా, గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే కుర్రకారుకి కాశీ! వీధివీధికీ కోచింగ్ బోర్డులు, జిరాక్సు షాపులు, పుస్తకాల దొంతర్లు, ఇడ్లీ బళ్ళు. ఆ దారిలోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ. పుస్తకాల్లో తలదూర్చి కూర్చున్న అన్నయ్యల్నీ అక్కయ్యల్నీ చూసి మా అమ్మాయి 'వీళ్ళు కూడా పొద్దస్తమానం కుర్చీలోనే ఉంటారా పెద్దమ్మా?' అంది. నవ్వాగలేదు నాకు!

నడవాల్సింది మాత్రం జాగ్రత్తగా. ఫుట్‌పాత్ ఉన్నచోట బళ్ళు, స్కూటర్లు, కరెంటు పెట్టెలు ఉంటాయి. ఉన్నట్టుండి ఫుట్‌పాత్ ఆగిపోతుంది, కిందికి దిగాలి. దిగే పద్ధతి చాలామందికి తెలియదు. కుర్చీని ముందువైపుగా దించితే పిల్లలు ముందుకి తూలిపడతారు. కుర్చీని వెనక్కి తిప్పి, ముందు పెద్ద చక్రాలు, తర్వాత చిన్న చక్రాలు దించాలి. ఎక్కేటప్పుడు ముందువైపుగానే వెళ్ళి, చిన్న చక్రాలు పైకెత్తి గట్టు మీద ఆనించి, తర్వాత పెద్ద చక్రాలు నెట్టాలి. ఏటవాలు ఎక్కువైతే దిగేటప్పుడు మీరు కిందివైపు ఉండి, కుర్చీని వెనక్కి నడిపించాలి. నిలబెట్టిన ప్రతిసారీ బ్రేకులు వెయ్యడం, నడుముకి బెల్టు, పాదాలు కింది పలకల మీద సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం... ఇవి స్టవ్ కట్టెయ్యడం లాంటి అలవాట్లు కావాలి.

ఈ వీధులకి ఆదివారం ఉదయమే మంచిది. మామూలు రోజుల్లో పదింటికి రోడ్డు దాటడం నడిచేవాళ్ళకే గండం!

మెట్రో ఎక్కితేనే సగం షికారు

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు చేరాక పిల్లలకి అసలు పండగ మొదలైంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్ల మెట్రో దారిని 2020 ఫిబ్రవరి 7న ప్రారంభించారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ... వరసగా మన పేటలన్నిటికీ స్టేషన్లున్నాయి. స్టేషన్లో లిఫ్టు ఉంటుంది. టికెట్టు గేట్లలో కుర్చీ పట్టే వెడల్పాటి గేటొకటి ఉంటుంది. పెట్టెలో కుర్చీ నిలిపేందుకు చోటు ఉంటుంది. ఆర్టీసీ బస్సు మెట్లెక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసిన పిల్లలు ఇక్కడ తమంతట తాముగా పైకి వెళ్ళారు. లిఫ్టు మీట మా వాడే నొక్కాడు. ఆ ముఖంలో వెలుగు చూడాల్సింది మీరు!

ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త. ప్లాట్‌ఫారానికీ పెట్టెకీ మధ్య సందులో చిన్న చక్రాలు ఇరుక్కోవచ్చు. కాబట్టి కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలతో ముందు లోపలికి లాగడమో, చిన్న చక్రాలు ఎత్తి దాటించడమో చెయ్యాలి. లోపలికి వెళ్ళగానే బ్రేకులు. ఇద్దరు పిల్లలుంటే ఒక్కో కుర్చీకి ఒక్కో పెద్దవాళ్ళు ఉండాలి. రైలు ఆగేది కొద్ది క్షణాలే.

చిక్కడపల్లిలో ఎక్కి చివరి స్టేషన్ ఎంజీబీఎస్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నారాయణగూడలో దిగాం. పనేమీ లేదు, ఊరికే! ఎందుకంటే ఇంకో సంగతి ఉంది. కుర్చీలో కూర్చున్న పిల్లలకి జనంలో లోకం ఎప్పుడూ పెద్దవాళ్ళ నడుముల ఎత్తులోనే కనిపిస్తుంది. చేతిసంచులు, బెల్టులు, చీరల కుచ్చిళ్ళు... అంతే! మెట్రో కిటికీలోంచి మాత్రం మేడలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, కింద చీమల్లా ఆటోలు... లోకమంతా వాళ్ళ కాళ్ళ కింద ఉంటుంది. ఆ కాసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు.

మూడు మెట్ల దగ్గర ఆగిపోయాం

నారాయణగూడలో దిగేసరికి ఆకలి. దగ్గర్లో ఓ టిఫిన్ హోటల్. అక్కడికే వెళ్దామని పిల్లలు పట్టుపట్టారు. చూస్తే గుమ్మానికి మూడు మెట్లు. సర్వర్ కుర్రాళ్ళు ఇద్దరు మంచివాళ్ళే, పరిగెత్తుకొచ్చి 'మేం ఎత్తి లోపల కూర్చోబెడతాం మేడమ్' అన్నారు. తొమ్మిదేళ్ళవాడు సై అన్నాడు. అమ్మాయి మాత్రం ఓణీ సర్దుకుని, తల దించుకుని, 'వద్దు అంకుల్, నేను రాను' అంది.

ఎందుకో మీకు విడమర్చి చెప్పాలా? ఎదిగిన ఆడపిల్ల! ముక్కూమొహం తెలియని మగవాళ్ళు నడుం కింద చెయ్యేసి ఎత్తుతామంటే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? నడిచే పిల్లనయితే ఎవరైనా ముట్టుకుంటే మనం ఊరుకుంటామా? కుర్చీలో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'సాయం చేస్తున్నారుగా, బెట్టెందుకు?' అంటాం. సాయం చేసేవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. కానీ ఒళ్ళు ఆ పిల్లది. అడగాల్సింది ఆ పిల్లని.

మా చెల్లెలు ఏమీ అనలేదు. ఇడ్లీ, వడ పొట్లాలు కట్టించుకుని చెట్టు నీడన కూర్చుని తిన్నాం. పిల్లలు నవ్వుకుంటూనే తిన్నారు. మాకే ముద్ద దిగలేదు.

తప్పనిసరై ఎత్తాల్సి వస్తే, ముందు పిల్లల్ని అడగండి. ఒప్పుకుంటే కుర్చీతో సహా ఎత్తించండి. పట్టుకోవాల్సింది కుర్చీ చట్రాన్నే. చేతుల మీద, కాళ్ళ పలకల మీద, చక్రాల మీద పట్టుకోకూడదు, అవి ఊడి రావచ్చు. ఒకరు 'ఒకటీ, రెండూ, మూడూ' అంటే అందరూ ఒకేసారి లేపాలి. కండరాల బలం లేని పిల్లల్ని చంకల కింద చేతులేసి ఎత్తితే జారిపోతారు. ఈ సంగతి ఇంటికొచ్చే చుట్టాలకి కూడా చెప్పి ఉంచండి.

ఆరంగుళాలకి ఆరడుగులు

మరి ఆ హోటల్ వాళ్ళు ఏం చేసి ఉండాల్సింది? లెక్క చాలా సులువు. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు వాలు ఉండాలి. అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల వాలు. మూడు మెట్లకి పద్దెనిమిది అడుగులు. స్కూటర్ ఎక్కించడానికి వేసే నిటారు సిమెంటు దిమ్మ పనికిరాదు. దాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పద్దెనిమిది అడుగుల చోటు ముందు లేకపోతే పక్కనుంచి మలుపు తిప్పవచ్చు. వెనక గుమ్మం నేలకి సమంగా ఉంటే దాన్ని తెరవవచ్చు.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదండీ, చట్టం. 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 'పబ్లిక్ బిల్డింగ్' అంటే సర్కారు ఆఫీసొక్కటే కాదు. ప్రైవేటువాళ్ళదైనా సరే, జనం వచ్చిపోయే భవనమైతే చాలు. వ్యాపారం, చదువు, వైద్యం, భక్తి, వినోదం అన్నీ వస్తాయి. పాత భవనాలు మార్చుకోవడానికి, నియమాలు వచ్చిన 2017 జూన్ నుంచి అయిదేళ్ళు గడువిచ్చారు. ఆ లెక్కన 2022 జూన్‌కే గడువు తీరింది.

ఇందులో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. చూపులేని ఒక పిటిషనర్ 2005లో వేసిన కేసులో, దేశంలో ఈ సౌకర్యాలు ఎలా ఉన్నాయో చూసి చెప్పమని సుప్రీంకోర్టు మన నల్సార్ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వాళ్ళ నివేదిక చూశాక, 2024 నవంబరు 8న కోర్టు తీర్పు చెప్పింది. నియమాలు 'చేస్తే మంచిది' అన్నట్టుగా ఉంటే చాలదు, తప్పనిసరిగా చెయ్యాల్సినవి ఇవీ అని విడదీసి, మూడు నెలల్లో పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది.

మీరు కోర్టుకెళ్ళక్కర్లేదు. బిల్లు కట్టేటప్పుడు యజమానితో నెమ్మదిగా ఒక్క మాట చెప్పండి. 'మేం ఆరుగురం వచ్చాం, లోపలికి రాలేకపోయాం, వాలు కట్టిస్తే ప్రతి ఆదివారం వస్తాం.' వ్యాపారస్తుడికి అర్థమయ్యే భాష ఇది! మీకు సొంత దుకాణం గానీ, అపార్ట్‌మెంటు సంఘంలో మాట గానీ ఉంటే ముందు మన గుమ్మంతోనే మొదలుపెట్టవచ్చు. మాట వినని చోట, రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు, ఉత్తరం రాయండి. ఫుట్‌పాత్‌ల సంగతి నగర పాలక సంస్థకి రాయండి.

గుడికీ సినిమాకీ వెళ్ళేవాళ్ళకి

చిక్కడపల్లి వచ్చి వేంకటేశ్వరస్వామిని చూడకుండా పోతామా అనిపిస్తుంది. గుడి ఏదైనా సరే, శనివారం, ఏకాదశి రోజుల రద్దీ వద్దు. మామూలు రోజున, హారతి వేళ కాకుండా వెళ్ళండి. చక్రాలు రోడ్డు మీద తిరిగినవి కాబట్టి లోపలికి ఎలా అని కొందరు సందేహపడతారు. తడిగుడ్డతో చక్రాలు శుభ్రంగా తుడిచి, పూజారిగారికి ముందే చెబితే చాలాచోట్ల కాదనరు. తిరుమల వెళ్ళేవాళ్ళకి దివ్యాంగుల కోసం ప్రత్యేక దర్శనం ఏర్పాటు ఉంది. యూడీఐడీ కార్డు ఎప్పుడూ పర్సులో ఉంచుకోండి.

ఇక క్రాస్‌రోడ్స్ సినిమాలు! మొదటిరోజు మోజు వద్దు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుక్కి తీవ్రంగా దెబ్బలు తగిలాయి. నడవగలిగిన వాళ్ళకే అంత ప్రమాదమైతే కుర్చీలో పిల్లల సంగతి చెప్పాలా? రెండు వారాలాగి మ్యాట్నీకి వెళ్ళండి. నేలకి సమంగా ఉండే వరసలో, దారి పక్క సీట్లు అడగండి.

డబ్బాలో ఏం పెట్టాలి?

కొందరు పిల్లలకి నమలడం, మింగడం కష్టం. వాళ్ళకి పల్లీలు, శనగపప్పు పలుకులు, కారప్పూస వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తని దద్దోజనం హాయి. అన్నం ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి వండి, వేడిగా ఉండగానే గరిటెతో మెదిపి, గోరువెచ్చని పాలు పోసి కలపండి. చల్లారాక రెండు చెంచాల పెరుగు, ఉప్పు చాలు. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. అల్లం ముక్కలు కాకుండా తురిమి రసం పిండండి. తాలింపులో మిరపగింజలు, పప్పులు మానేసి ఇంగువ, జీలకర్ర పొడి వెయ్యండి. పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి.

నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. బయట బాత్రూం దొరకదని తల్లులు పిల్లలకి పొద్దుటినుంచీ నీళ్ళే ఇవ్వరు. దీనివల్ల మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం వస్తాయి. అలా ఎండగట్టే బదులు షికారునే రెండు ముక్కలు చేసుకోండి. రెండు గంటలకోసారి ఆగే చోటు ముందే చూసుకోండి. చిక్కడపల్లి, నారాయణగూడల్లో చుట్టాలు లేనివాళ్ళుంటారా! కింది అంతస్తులో ఇల్లున్న పిన్నిగారికో, అత్తయ్యగారికో ముందురోజే ఫోన్ చేసి 'కాఫీకి వస్తున్నాం' అనండి. కాఫీ వాళ్ళకి సంతోషం, బాత్రూం మనకి అవసరం!

'పాపం' అనేవాళ్ళకి జవాబు

దారిలో నలుగురు ఆపి 'పాపం, పోలియోనా?' అని అడుగుతారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చిలో మనది పోలియో లేని దేశమని ప్రకటించారు కూడా. ఈనాడు కుర్చీల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి సెరిబ్రల్ పాల్సీయో, కండరాలు క్షీణించే జబ్బులో ఉంటాయి. మా పిల్లలది ఎస్‌ఎంఏ. తల్లిలోనూ తండ్రిలోనూ బయటపడకుండా దాగి ఉన్న లోపం ఇద్దరినుంచీ బిడ్డకు చేరితే వచ్చేది. అలాంటి దంపతులకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఏ జన్మ పాపమూ కాదు, గ్రహణం మొర్రి మాటలూ కాదు.

అడిగినవాళ్ళ మీద విసుక్కోకండి. ఒక్క ముక్కలో చెప్పి, 'మీరే అడగండి, వాళ్ళే చెబుతారు' అనండి. ఎవరైనా పిల్లల తల మీదుగా మిమ్మల్ని 'అమ్మాయి కాఫీ తాగుతుందా?' అని అడిగితే, మీరు జవాబు చెప్పకుండా అమ్మాయి వంక చూడండి. రెండుసార్లు చేస్తే చాలు, అడిగేవాళ్ళకీ అలవాటవుతుంది, చెప్పడం పిల్లలకీ అలవాటవుతుంది. మీ పిల్లలు నడిచేవాళ్ళయితే, కుర్చీలో పిల్లల్ని చూసినప్పుడు చెయ్యి పట్టి పక్కకి లాక్కుపోకండి. 'నీ పేరేంటి?' అని అడగనివ్వండి. అంతకంటే మంచి పలకరింపు ఏముంటుంది?

ఒక పూటలో మూడు చోట్లే పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరేలా చూసుకోండి. పిల్లలు 'ఇంకాసేపు' అంటుండగానే వచ్చేస్తే, మళ్ళీ వెళ్దామన్న ఉత్సాహం మిగులుతుంది. ఇంటికొచ్చాక, ఎక్కడ సులువుగా ఉంది, ఎక్కడ అడ్డం వచ్చింది అన్నది పిల్లల చేతే ఓ నోటుబుక్కులో రాయించండి. వచ్చే సెలవుల్లో ఎక్కడికెళ్ళాలో వాళ్ళే చెబుతారు.

ఈ ఆదివారానికి ఇల్లు దగ్గర ఒక వీధి చాలు. కుట్టుపని టేపు మాత్రం మరిచిపోకండి!